ఫిట్స్ కేసులో స్పెక్ట్రోస్కోపీ రిపోర్టు: "ఎన్ఏఏ తగ్గింది" అంటే అసలు ఏంటి

ముందు మీ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పేసి తర్వాత వివరంగా రాస్తాను. మీ మేనకోడలికి పదిహేడేళ్ళు, తొమ్మిదో తరగతి నుంచి ఫిట్స్, రెండు రకాల మందులు వాడినా నెలకి మూడు నాలుగు సార్లు వస్తానే ఉన్నాయి, డాక్టరుగారు ఎమ్మారైతో పాటు స్పెక్ట్రోస్కోపీ కూడా రాసారు, రిపోర్టులో "ఎడమ హిప్పోకాంపస్‌లో ఎన్ఏఏ తగ్గింది, కోలీన్ కొంచెం పెరిగింది" అని ఒక్క లైను ఉంది (హిప్పోకాంపస్ అంటే చెవి పక్కన టెంపోరల్ లోబ్ అనే మెదడు భాగం లోపల ఉండే, జ్ఞాపకాలకి సంబంధించిన చిన్న ముక్క, ఎన్ఏఏ, కోలీన్ అనేవి మెదడులో ఉండే రసాయనాలు), రాజోలులో ఎవరో తెలిసినాయన అది చదివి పిల్లకి మెదడులో ఆ ముక్క చచ్చిపోయింది అన్నాడు, అప్పట్నుంచి మీ అక్కగారు అన్నం ముట్టట్లేదు. ఇదే కదా మీరు రాసింది. లేదండి, ఆ లైనుకి అర్థం అది కాదు. ఈ మాట ముందు అక్కగారికి చెప్పండి, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

నేను డాక్టర్ని కాదు. ఎమ్మారై మెషీను మీద ఇరవై రెండేళ్ళ నుంచి పని చేస్తున్నాను, మొదట కాకినాడలో, తర్వాత రాజమండ్రిలో. మందులు మార్చడం, ఆపరేషను చెయ్యాలా వద్దా అనేది న్యూరాలజిస్టు గారి పని, నేను దాంట్లోకి వెళ్ళను. కానీ ఆ గ్రాఫు ఎలా పుడతాది, ఎక్కడ నమ్మాలి ఎక్కడ నమ్మకూడదు అనేది మాత్రం నా చేతుల మీద జరిగే పని కాబట్టి ధైర్యంగా చెప్పగలను.

మామూలు ఎమ్మారై బొమ్మ వచ్చేది దాదాపు అంతా నీళ్ళలో ఉండే హైడ్రోజన్ నుంచే. స్పెక్ట్రోస్కోపీ కూడా అదే మెషీను, అదే అయస్కాంతం, తలకి పెట్టే అదే కాయిల్, వేరే ఇంజక్షను అక్కర్లేదు, రేడియేషను లేదు. తేడా ఏంటంటే నీళ్ళ సిగ్నల్ని పక్కకి నొక్కేసి మెదడులో వేరే రసాయనాల్లో ఉండే హైడ్రోజన్ ఏమంటుందో వింటాం. ఇది ఎంత కష్టమో చెప్తానండి, మెదడులో నీళ్ళ సిగ్నలు ఈ రసాయనాల సిగ్నలు కంటే కొన్ని వేల రెట్లు పెద్దది, శ్రావణంలో ఎర్రనీళ్ళు వచ్చి గోదారి హోరెత్తుతుంటే ఒడ్డున నిలబడి పులస ఎదురీదే చప్పుడు వినమన్నట్టు ఉంటాది. అందుకే బొమ్మ త్వరగా వస్తే ఈ గ్రాఫుకి ఒక్కో చోట ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు అదే సిగ్నల్ని మళ్ళీ మళ్ళీ తీసి కలుపుకుంటూ పోవాలి.

ఒక్కో రసాయనంలో ఉన్న హైడ్రోజన్ ఒక్కో శ్రుతిలో పలుకుతాది. 3 టెస్లా (అయస్కాంతం బలాన్ని కొలిచే లెక్క) మెషీన్లో హైడ్రోజన్ సెకనుకి సుమారు 12 కోట్ల 77 లక్షల సార్లు తిరుగుతాది, దాంట్లో ఎన్ఏఏకీ, క్రియాటిన్ అనే ఇంకో రసాయనానికీ మధ్య తేడా సుమారు 130 మాత్రమే, అంత సన్నని తేడాని పట్టుకుని గ్రాఫు మీద వేరే వేరే చోట్ల పీకులుగా గీస్తాది మెషీను. అడుగున ఉండే అంకెలు పీపీఎం, అంటే పది లక్షల్లో ఎన్నో వంతు తేడా అన్నమాట, అవి మనం చదివేదానికి ఎదురుగా కుడి నుంచి ఎడమకి పెరుగుతాయి. 2.0 దగ్గర ఎత్తుగా ఉండేది ఎన్ఏఏ, 3.0 దగ్గర క్రియాటిన్, దాన్ని ఆనుకుని 3.2 దగ్గర కోలీన్, 3.55 దగ్గర మయో ఇనోసిటాల్, ఏదైనా ఇబ్బంది ఉంటే 1.3 దగ్గర లాక్టేట్. మీ దగ్గర గ్రాఫు ఉంటే ఇప్పుడే పక్కన పెట్టుకుని చూడండి, మీకే తెలిసిపోతాది.

ఇప్పుడు ఎన్ఏఏ సంగతి. పూర్తి పేరు ఎన్ ఎసిటైల్ ఆస్పర్టేట్. ఇది ప్రధానంగా న్యూరాన్లలోనే, అంటే మెదడులో సంకేతాలు పంపే నరాల కణాల్లోనే, వాటి లోపల శక్తి తయారు చేసే మైటోకాండ్రియాలో తయారవుతాది. కాబట్టి ఒక చోట ఎన్ఏఏ తక్కువ ఉందంటే రెండు కారణాలు ఉండొచ్చు, అక్కడ న్యూరాన్లు తగ్గి ఉండొచ్చు, లేదా న్యూరాన్లు ఉన్నాయి గానీ నీరసపడి ఉండొచ్చు. ఆ రెండిట్లో ఏదో గ్రాఫు ఒక్కటీ చూసి ఎవరూ చెప్పలేరు. మీకు చెప్పినాయన మొదటి కారణం ఒక్కటే విని ఉంటాడు.

నీరసం అనేది మాటవరసకి అంటున్నది కాదండి, దానికి రుజువుంది. 1990ల్లో కెనడాలో మాంట్రియల్ వాళ్ళు టెంపోరల్ లోబ్ ఫిట్స్‌కి ఆపరేషను అయిన వాళ్ళని మళ్ళీ పిలిచి స్పెక్ట్రోస్కోపీ తీసారు. ఫిట్స్ పూర్తిగా ఆగిపోయిన వాళ్ళకి, కొయ్యకుండా మిగిలిన భాగంలోనూ రెండో వైపునా అంతకుముందు తగ్గి ఉన్న ఎన్ఏఏ మళ్ళీ మామూలు స్థాయికి వచ్చింది. ఆగని వాళ్ళకి అలాగే తక్కువగా ఉండిపోయింది. చచ్చిపోయిన న్యూరాన్ తిరిగి రాదు కదా, మరి పెరిగిందంటే ఆ కణాలు బతికే ఉన్నాయి, మాటిమాటికీ ఫిట్స్ వచ్చి అలిసిపోయాయి. మన కోనసీమ శివారు చేలల్లో చూడండి, కాలవ చివరి దాకా నీళ్ళందక వరి పసుపు రంగుకి తిరిగి వాలిపోతాది, ఆ రోజు చూసినవాడు చేను పోయింది అంటాడు, వంతు వచ్చి నీళ్ళు పారాక చాలా దుబ్బులు తేరుకుంటాయి, కొన్ని మాత్రం ఎండిపోతాయి. మీ పిల్ల విషయంలో తేరుకునేవి ఎన్ని అనేది ఈ రిపోర్టుని బట్టి చెప్పే మాట కాదు.

కోలీన్ కొంచెం పెరగడం గురించి ఎక్కువ ఆలోచించొద్దు. అది కణాల పైపొరలకి సంబంధించింది. ఫిట్స్ చాలాకాలం వచ్చిన చోట న్యూరాన్లకి ఆసరాగా ఉండే గ్లయల్ కణాలు పెరుగుతాయి, అప్పుడు కోలీను, మయో ఇనోసిటాలూ కొంచెం పెరగొచ్చు. గడ్డల్లో కోలీన్ బాగా ఎత్తుగా లేస్తాది, ఎన్ఏఏ పడిపోతాది, కానీ అది బొమ్మలో కూడా కనపడాలి. మీ రిపోర్టులో గడ్డ అని ఎక్కడా లేదు.

ఇంక నేను అసలు చెప్పాలనుకున్నది ఇది. ఆ ఒక్క లైనుకి ఎంత విలువ ఇవ్వాలి అనేది గ్రాఫుని బట్టి ఉంటాది, గ్రాఫు లేకుండా లైను ఒక్కటే పట్టుకుని భయపడకండి, సంబరపడకండి కూడా. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు అంటే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అంటే రెండోది, 17.75 అంటే మూడోది, యానాంలో ఉన్నవాడికీ పి.గన్నవరంలో ఉన్నవాడికీ అదే లెక్క ఎందుకంటే గేజి ఒక్కటే. స్పెక్ట్రోస్కోపీలో అలాంటి ఉమ్మడి గేజి లేదు. ఒక మెషీన్లో వచ్చిన ఎన్ఏఏ క్రియాటిన్ నిష్పత్తిని ఇంకో మెషీన్లో వచ్చినదాంతో పోల్చకూడదు, ఎందుకంటే టెస్లా మారినా, టీఈ అనే, సిగ్నలు వినేముందు ఆగే టైము 30 మిల్లీసెకన్లు పెట్టారా 135 పెట్టారా అనేది మారినా అంకె మారిపోతాది. అందుకే అదే పిల్లకి, అదే పూట, అదే మెషీన్లో, కుడి వైపు కూడా తీసి పక్కపక్కన పెట్టి చూడాలి. మీ రిపోర్టులో కుడి హిప్పోకాంపస్ ఊసు లేదని రాసారు. తీసి రాయలేదా, అసలు తియ్యలేదా అనేది ముందు కనుక్కోండి. తియ్యకపోతే "తగ్గింది" అన్నది దేనికంటే తగ్గింది?

రెండు వైపులా తీసినా తెగిపోయే లెక్క కాదులెండి. టెంపోరల్ లోబ్ ఫిట్స్ ఉన్నవాళ్ళలో చాలామందికి, ఇంచుమించు సగం మంది దాకా, రెండు వైపులా ఎన్ఏఏ తగ్గి కనపడుతుంది, అయితే ఫిట్స్ పుట్టే వైపు ఇంకాస్త ఎక్కువ తగ్గి ఉంటాది. కాబట్టి రెండు వైపులా తగ్గింది అని వస్తే కంగారు పడిపోకండి, అలాగే ఒక వైపే తగ్గింది కాబట్టి తేలిపోయింది అనుకోకండి. వీడియో ఈఈజీ (వీడియో తీస్తూ మెదడులో విద్యుత్తు తరంగాలు రాసే పరీక్ష) ఏం చెప్తుంది, బొమ్మలో హిప్పోకాంపస్ చిక్కిపోయిందా, ఫిట్ మొదలయ్యేటప్పుడు పిల్ల ఏం చేస్తుంది, ఇవన్నీ ఒకే వైపు చూపిస్తే అప్పుడు ఈ గ్రాఫు కూడా ఒక సాక్షి అవుతాది.

హిప్పోకాంపస్ స్పెక్ట్రోస్కోపీకి చాలా మొండి చోటు, ఇది బయట ఎవరూ చెప్పరు. దాని పక్కనే చెవి ఎముక, గాలి ఉన్న సైనసులు, గాలీ ఎముకా కణజాలం కలిసే చోట అయస్కాంత క్షేత్రం సమానంగా ఉండదు, దాన్ని సమం చెయ్యడానికి షిమ్మింగ్ అని చేస్తాం, చేను దమ్ము చేసాక పలక తోలి మట్టం చేసినట్టు. మట్టం సరిగ్గా లేకపోతే పీకులు వెడల్పై ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పైగా హిప్పోకాంపస్ మొత్తం మూడు మిల్లీలీటర్లు ఉంటాది, మనం గ్రాఫు తీసే పెట్టె, అంటే ఏ చోట నుంచి సిగ్నలు తియ్యాలో బొమ్మ మీద గుర్తు పెట్టే చదరం, అన్ని వైపులా రెండు సెంటీమీటర్ల చొప్పున పెడితే ఎనిమిది మిల్లీలీటర్లు, అంటే పెట్టెలో సగానికి పైన పక్క కణజాలమే. అందుకని మీరు గ్రాఫు చూసేటప్పుడు ఒక్కటి గమనించండి, 3.0 దగ్గర క్రియాటిన్ మొన, 3.2 దగ్గర కోలీన్ మొన, రెండూ విడివిడిగా, మధ్యలో లోయతో కనపడాలి. రెండూ కలిసి ఒక్క గుట్టలా ఉంటే ఆ గ్రాఫులో ఏ అంకెనీ నమ్మకండి, మళ్ళీ తియ్యమని అడగండి.

నా అనుభవం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ళ కిందట పాలకొల్లు వైపు నుంచి ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చారు. ఆ రోజు బయట ఇంకా పది మంది ఉన్నారు, నేను తొందరలో పెట్టె కొంచెం కిందకి ఎముక మీదకి జరిగినట్టు పెట్టేసాను, షిమ్మింగ్ మెషీనే చేసుకుంటాదిలే అని వదిలేసాను. గ్రాఫు గుట్టలా వచ్చింది, 1.3 దగ్గర, లాక్టేట్ కనపడే చోటే, కొవ్వు పీకు లేచింది, అయినా కంప్యూటరు అంకెలు ఇచ్చేసింది, ఎన్ఏఏ తక్కువ అని రిపోర్టు వెళ్ళిపోయింది. నెల తర్వాత న్యూరాలజిస్టు గారు ఈఈజీతో పొంతన లేదని మళ్ళీ పంపారు, అప్పుడు కుదురుగా అరగంట కూర్చుని తీస్తే రెండు వైపులా సమానంగా ఉంది. ఆ నెల రోజులూ ఆ ఇంట్లో వాళ్ళు ఎలా గడిపారో తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటాది. ఆ రోజు నుంచి పెట్టె ఎక్కడ పెట్టానో చూపించే మూడు బొమ్మలు గ్రాఫు పక్కన లేకుండా నేను ప్రింటు ఇవ్వను. మీరు కూడా అవి అడగండి.

ఇంకోటి, స్కానుకి ముందు చివరి ఫిట్ ఎప్పుడు వచ్చిందో కాయితం మీద రాసిచ్చారా? ఫిట్ వచ్చాక కొన్ని గంటల పాటు ఆ చోట లాక్టేట్ కనపడొచ్చు, అది ఒకోసారి ఫిట్ ఎక్కడ పుట్టిందో పట్టిస్తాది కూడా, కానీ టైము తెలియకపోతే చదివేవాళ్ళు దాన్ని వేరే జబ్బు అనుకునే ప్రమాదం ఉంది. దారిలో ఆటోలో ఫిట్ వచ్చినా మాతో చెప్పకుండా, చెప్తే స్కాన్ తియ్యరేమో అని దాచేవాళ్ళు ఉంటారు. దయచేసి దాచొద్దు.

స్పెక్ట్రోస్కోపీ నిజంగా ప్రాణం పోసే చోట్లు వేరే ఉన్నాయి, మీకు నేరుగా అవసరం లేకపోయినా చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తాదని రాస్తున్నాను. చంటిపిల్లలకి ఫిట్స్, మాటలు రాకపోవడం, ఎదుగుదల ఆగిపోవడం, బొమ్మ చూస్తే పెద్దగా ఏం కనపడదు, అలాంటప్పుడు గ్రాఫు తీస్తే ఒకోసారి 3.0 దగ్గర క్రియాటిన్ పీకు అసలు ఉండదు. ఉండాల్సిన చోట ఖాళీ. 1994లో జర్మనీలో మొదటిసారి ఒక పిల్లాడిలో ఈ జబ్బుని ఇలాగే పట్టుకున్నారు, శరీరం క్రియాటిన్ తయారు చేసుకోలేకపోతుందని తేలింది, నోటి ద్వారా క్రియాటిన్ ఇస్తే మెదడులో మళ్ళీ పెరిగింది. జీఏఎంటీ (GAMT) లోపం అంటారు దీన్ని. ఇది తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జీను వస్తేనే వచ్చే జబ్బు, మన దగ్గర మేనరికాలు ఎక్కువ కాబట్టి పిల్లల డాక్టర్లు దీన్ని గుర్తు పెట్టుకోవాలని నా కోరిక. ఇదే పీకు లేకపోవడం ఇంకో రకం జబ్బులోనూ ఉంటాది, దాంట్లో క్రియాటిన్ తయారవుతాది గానీ మెదడులోకి వెళ్ళలేదు, ఎక్కువగా మగపిల్లల్లో తీవ్రంగా ఉంటాది, దానికి పొడి తాగించినా పెద్దగా ఫలితం ఉండదు. గ్రాఫులో రెండూ ఒకేలా ఉంటాయి, రక్తం, మూత్రం, జీను పరీక్షలతో విడదీస్తారు.

మన వైపు ఎక్కువగా వచ్చే ఇంకో కేసు, ఉన్నట్టుండి ఫిట్ వచ్చి స్కాన్ తీస్తే మెదడులో చిన్న ఉంగరం లాంటి మచ్చ. అది బద్దెపురుగు తిత్తా, టీబీ గడ్డా అని తేల్చుకోవాలి, వైద్యం పూర్తిగా వేరు కదా. టీబీ గడ్డలో 1.3 దగ్గర కొవ్వు పీకు బాగా లేస్తాది, ఇది సాయం చేస్తాది, కానీ మచ్చ సెంటీమీటరు ఉంటే పెట్టె దాంట్లో పట్టదు, చుట్టుపక్కల మెదడు కూడా కలిసిపోతాది. వెల్లూరు డాక్టర్లు చెప్పిన కొలత ఇప్పటికీ పనికొస్తాది, తిత్తి మచ్చలు సాధారణంగా 20 మిల్లీమీటర్ల లోపే ఉంటాయి. మేం పంది మాంసం ముట్టం అండి, మాకెలా వస్తాది అని అడుగుతారు చాలామంది. తిత్తి వచ్చేది పురుగు గుడ్ల వల్ల, అవి కడగని ఆకుకూర మీద, శుభ్రం లేని చేతుల మీద ఉంటాయి, శాకాహారులకీ వస్తాది.

గాబా గురించి కూడా అడిగారు, ఫిట్స్‌ని అణిచే రసాయనం అది తక్కువుందో లేదో మా పిల్లకి చూడొచ్చా అని. చూడొచ్చు గానీ మామూలు స్కాన్లో కాదు. గాబా పీకు చాలా చిన్నది, సరిగ్గా 3.0 దగ్గర క్రియాటిన్ కింద దాక్కుని ఉంటాది, దాన్ని విడదీయడానికి ప్రత్యేకమైన సీక్వెన్సు, అంటే స్కాన్ తీసే పద్ధతి కావాలి. 1990ల్లో అమెరికాలో యేల్ వాళ్ళు విగాబాట్రిన్ అనే మందు వేసుకున్న వాళ్ళ మెదడులో గాబా పెరగడం ఇలా విడదీసే చూపించారు. రోజూ వచ్చే పేషెంట్లకి ఇది చేసేది తక్కువ, ఎక్కువగా పరిశోధనల్లోనే. మీ పిల్లకి దీని కోసం డబ్బు పెట్టక్కర్లేదు.

డబ్బు పెట్టాల్సింది ఎక్కడో చెప్తాను. సరైన మందులు, సరైన మోతాదులో రెండు వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకి లొంగని మూర్ఛ అంటారు, 2010 నుంచి ప్రపంచమంతా ఇదే నిర్వచనం. అక్కడ్నుంచి మూడో మందూ నాలుగో మందూ అని ఏళ్ళు గడిపెయ్యకుండా ఆపరేషనుకి పనికొస్తుందా అని పరీక్ష చేయించాలి. తిరువనంతపురంలో శ్రీ చిత్ర, బెంగుళూరులో నిమ్హాన్స్, హైదరాబాదులో నిమ్స్, వీటిల్లో ఎక్కడైనా మీ న్యూరాలజిస్టు గారిని అడిగి వెళ్ళండి. 2001లో కెనడాలో 80 మంది టెంపోరల్ లోబ్ వాళ్ళని చీట్లు తీసినట్టు రెండు గుంపులు చేసి చూసారు, ఏడాది తర్వాత స్పృహ తప్పే ఫిట్స్ లేకుండా ఉన్నది ఆపరేషను గుంపులో 58 శాతం, మందుల గుంపులో 8 శాతం. మీ పిల్లది ఆ రకమో కాదో వాళ్ళే తేల్చాలి, కానీ ఎడమ వైపు అనుమానం ఉంది కాబట్టి తేల్చుకోవాల్సిన టైము ఇది. ఎడమ వైపు అయితే మాటకీ జ్ఞాపకానికీ సంబంధించిన పరీక్షలు కూడా చేస్తారు, తెలుగులో మాట్లాడి చేసేవాళ్ళు ఉన్నారా అని ముందే అడగండి.

వాళ్ళు ఎమ్మారై మళ్ళీ తియ్యొచ్చు, విసుక్కోకండి, ఫిట్స్ కోసం తీసే పద్ధతి వేరు, హిప్పోకాంపస్‌కి అడ్డంగా సన్నని ముక్కలుగా తీస్తారు. తీసే రోజు టాబ్లెట్లు మానకూడదు, మత్తు ఇస్తాం అంటే తప్ప పస్తు కూడా అక్కర్లేదు. తలలో పిన్నులు, పట్టీలు, మొలతాడు ఇంటి దగ్గరే తీసి రండి. తాయెత్తు విషయంలో చాలా గొడవ అవుతాది, ఫిట్స్ వచ్చే పిల్లలకి దాదాపు అందరికీ ఉంటాది, రేకులో ఏ లోహం ఉందో మాకు తెలియదు కాబట్టి లోపలికి రానివ్వం, నమ్మకం మీద మాకేం పేచీ లేదు, బయట అమ్మగారి చేతిలో పెట్టుకుని కూర్చుంటే చాలు. గ్రాఫు తీసే ఆ ఎనిమిది నిమిషాలూ మింగడం, దగ్గడం కూడా తగ్గించమని పిల్లకి ముందే నచ్చచెప్పండి. లోపల ఫిట్ వస్తే ఏమవుతాది అని భయపడొద్దు, మేం చూస్తానే ఉంటాం, వెంటనే బల్ల బయటికి లాగి పక్కకి తిప్పి పడుకోబెడతాం. ఇంట్లో కూడా అదే చెయ్యండి, చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం వద్దు.

రేపు స్కాన్ తీసిన సెంటరుకి వెళ్ళి ఫిల్ము కాకుండా మొత్తం డేటా ఉన్న సీడీ అడగండి, రెండు వైపుల గ్రాఫులు, పెట్టె పెట్టిన చోటు చూపించే బొమ్మలు ప్రింటు తీయించుకోండి, అవి మీ హక్కు. కుడి వైపు తియ్యలేదు అంటే ఆ మాట కాయితం మీద రాయించుకోండి. గ్రాఫు ఫోటో, పిల్ల పేరు కనపడకుండా మడిచి, ఇక్కడ పెట్టండి, మొనలు విడివిడిగా ఉన్నాయో లేదో నేను చూసి చెప్తాను. ఈ లోపు అక్కగారికి ఫోను చేసి పిల్ల మెదడు చచ్చిపోలేదు, ఆ మెషీను మీద పని చేసేవాళ్ళే చెప్పారు అని చెప్పి, ఆవిడ అన్నం తిన్నాకే ఫోను పెట్టెయ్యండి.